ఆదోని నుంచి అపోలో బందరు దాకా

మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీలో గుమాస్తా. దీపావళి దాటిందంటే మార్కెట్ యార్డు నుంచి పత్తి బండ్లు వరస కట్టేవి. గింజ తీసిన దూదిని ప్రెస్సులో అణిచి, పైన గోనె చుట్టి, ఇనుప పట్టీలు బిగిస్తే బేలు అయ్యేది. ఒక్కోటి 170 కిలోలు. దాని మీద స్టెన్సిల్ పెట్టి నల్ల సిరాతో మార్కా, నంబరు వేయించి, ఆ నంబరు పుస్తకంలో ఎక్కించడం నాయన పని. బడి లేని రోజుల్లో నేను క్యారియర్ తీసుకుని పోయేవాణ్ణి. ఆయన తింటూ, ఎదురుగా పేర్చిన బేళ్ళ మీది నంబర్లు నాతో గట్టిగా చదివించేవాడు. నాకు పెద్ద అంకెలు వచ్చింది బడిలో కాదు, ఆ గోనెల మీద.

ఒకరోజు అడిగినా.

"ఇవన్నీ యాడికి పోతాయి నాయనా?"

"బొంబాయికి."

"ఆడినుంచి?"

"కొన్ని ఆడి మిల్లులకి. కొన్ని ఓడెక్కి దేశాలు పోతాయి."

"ఓడ ఎట్లుంటాది?"

నాయన ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఊరకున్నాడు. అప్పటికే ఆయన ఎన్నోసార్లు బొంబాయి పోయొచ్చాడు. కాగితంలో చుట్టిన శాంపిళ్ళు సంచిలో పెట్టుకుని పోవడం, కాటన్ గ్రీన్‌లో పార్టీలకు చూపించడం, క్యాండీ (పత్తి అమ్మే తూకం) ధర మాట్లాడుకుని, పాత లెక్కలు సరిచూసుకుని, దొరికిన బండికి తిరిగి రావడం. కాటన్ గ్రీన్ స్టేషన్ ఉండేది బొంబాయి లోకల్ రైళ్ళ హార్బర్ లైను మీదే. ఆ లైనులో అన్నిసార్లు తిరిగిన మనిషి హార్బర్‌ను మాత్రం చూడలేదు. ఆ సంగతి నా ప్రశ్నతోనే ఆయనకు తట్టిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

"ఈసారి పోయినప్పుడు నిన్ను పిల్చకపోతాలే," అన్నాడు.

మాది నీళ్ళు తక్కువైన ఊరు. కొళాయి దగ్గర బిందెలు రాత్రే వరసలో పెట్టి, పొద్దున పోయి నిలబడేవాళ్ళం. పడవ అంటే నాకు తెలిసింది ఒక్కటే, మంత్రాలయం దగ్గర తుంగభద్రలో పుట్టి. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి గంప అది, అడుగున తారు పూసి ఉండేది. ఒకసారి అవతలి గట్టుకు పోయేటప్పుడు అందులో పదిమందిమి, మాతోపాటు ఒక మేకపిల్ల. పుట్టికి ముందూ వెనకా ఉండదు. తెడ్డు ఆగితే తిరగడం మొదలుపెడుతుంది. నది మధ్యలో గుడి గోపురం ఒకసారి ఎదురుగా, ఒకసారి వీపు వెనక కనిపించి, నేను అమ్మ కొంగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఓడ అంటే దానికి వందరెట్ల పుట్టి అనుకున్నాను.

1986 సంక్రాంతి సెలవుల్లో పోయాం. నేను నాలుగో తరగతి. చెల్లెలికి ఆరు నెలలు, అందుకని అమ్మ రాలేదు. సజ్జ రొట్టెలు, చెనిక్కాయల పొడి మూట కట్టి ఇచ్చి, "పిల్లోణ్ణి నీళ్ళ దగ్గర చెయ్యి ఇడవాకు" అని నాయనకు మూడుసార్లు చెప్పింది. గుంతకల్లు మీంచి వచ్చే బొంబాయి బండి. రాయచూరు, వాడి, షోలాపూరు. పూణే దాటినాక ఘాట్‌లో బండి సొరంగాల్లోకి దూరి బయటికొస్తుంటే నేను వేళ్ళమీద లెక్క పెడుతూ తప్పిపోయాను.

బొంబాయిలో మొదట నాయన చూపించింది మిల్లు చిమ్నీలు. లోకల్ రైల్లోంచి అవి వరసగా కనిపించేవి. చాలావాటిలో పొగ లేదు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మె తర్వాత ఎన్నో మిల్లులు మళ్ళీ తేరుకోలేదు. సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపిన సమ్మె అది. ఆదోనిలో కూడా ఆ మాట వినని రోజు ఉండేది కాదు. నాయన కిటికీ పక్కన నిలబడి, మన బేళ్ళు దిగే మిల్లు ఇది, ఇది కూడా, అని ఒక్కోటి చూపిస్తుంటే ఆయన గొంతు చిన్నగా అయిపోయింది.

కాటన్ గ్రీన్‌లో పని ఒక్క పూటలో ముగిసింది. ఆ గోదాములో పని చేసే ఒక పెద్దాయనను నాయన అడిగాడు, ఓడలోకి బేళ్ళు ఎక్కించేది మా పిల్లోడికి చూపియ్యాలి, డాకులోకి పోనిస్తారా అని. ఉర్దూలోనే. ఆదోనివాళ్ళకు ఉర్దూ కొత్త కాదు కదా. పాసు లేకుండా గేటు దాటనివ్వరు అన్నాడాయన. అని ఊరుకోలేదు. "రేవును గట్టు మీంచి చూసేదేముంది, నీళ్ళ మీంచి చూడు" అన్నాడు. దానికి దారులు రెండు చెప్పాడు. ఒకటి భావుచా ధక్కా నుంచి ఉరణ్ పోయే లాంచీ, అది పనివాళ్ళు ఎక్కేది. రెండోది గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర అపోలో బందరు నుంచి ఎలిఫెంటా లాంచీ, అది చూడొచ్చినవాళ్ళు ఎక్కేది. మాకు ఒక రోజు మిగిలి ఉంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఎక్కాలని నాయన తీర్మానించాడు. ఆ పెద్దాయన పొద్దున మాతో తనే వచ్చాడు.

భావుచా ధక్కా నాకు ముందు వాసనగా గుర్తుంది. పచ్చి చేప, డీజిలు, తడిసిన తాళ్ళు, ఐసు. మరబోట్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. కాసె పోసి చీర కట్టిన కోళీ జాలరి ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని, మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. 1841 ప్రాంతంలో కట్టించిన రేవు అది. కట్టించినాయన్ని జనం భావు అని పిలిచేవారట, అంటే అన్న. ఆయన ధక్కా కాబట్టి భావుచా ధక్కా. లాంచీలో కూరగాయల గంపలు, సైకిళ్ళు, నిద్ర చాలని మొహాలు. సముద్రాన్ని చూడాలని తల తిప్పింది మేమిద్దరమే.

రేవు వదిలి మలుపు తిరగ్గానే ఓడ కనిపించింది. అప్పటిదాకా నేను చూసిన అతి పెద్ద వస్తువు ఆదోని రణమండల కొండ. అంత పెద్ద ఇనుప గోడ నీళ్ళలోంచి నిటారుగా లేచి, తుప్పు చారలతో మా నెత్తి మీదికి వంగినట్టు ఉంది. పైనుంచి ఒక మనిషి బకెట్టుతో ఏదో పారబోశాడు. ఆ మనిషి చీమంత ఉన్నాడు. నాయన నా భుజం పట్టుకుని, ఇంకో చేత్తో బెంచీ పట్టుకుని, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా నాయన మొహం అంత చిన్నపిల్లవాడిదిలా ఉండటం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

గోదాము పెద్దాయన డాకుల వైపు వేలు చూపించి 1944 కథ చెప్పింది అక్కడే. యుద్ధం రోజులు. ఏప్రిల్ 14. కరాచీ మీదుగా వచ్చిన ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ విక్టోరియా డాకులో నిలబడి ఉంది. దాని కడుపులో 1,400 టన్నుల దాకా పేలుడు సామాను, బంగారు కడ్డీలు, వాటితోపాటే పత్తి బేళ్ళు. పత్తిలో నిప్పు పుట్టింది. నీళ్ళు ఎంత కొట్టినా ఆరలేదు. సాయంత్రం నాలుగు దాటాక ఓడ పేలింది, అరగంటలోపే ఇంకోసారి. వందల మంది పోయారు. మంట ఆర్పడానికి పోయిన ఫైరు సిబ్బందిలో ఎందరో తిరిగి రాలేదు. ఇప్పటికీ దేశమంతా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది వాళ్ళను తలుచుకునే. బంగారం చాలా ఏళ్ళ దాకా పూడిక తీసేటప్పుడు బయటపడుతూనే ఉందట.

నాయన ఈ కథ విన్న తీరు వేరు. బిగించి కట్టిన బేలు లోపల నిప్పు పడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పైకి మంట కనపడదు. లోపల్లోపలే రాజుకుంటూ పోతుంది. నీళ్ళు పోస్తే పై గోనె తడుస్తుంది, నడుమ కాలుతూనే ఉంటుంది. మా ఫ్యాక్టరీలో బీడీ ముక్క కనిపిస్తే ఎంత నెమ్మదైన మనిషీ కేకలేసేవాడు. ఆ రోజు లాంచీలో నాయన ఆ డాకుల వైపు చూసి చేతులు జోడించాడు. ఎదురుగా కూర్చున్న చేపలామె ఏమనుకుందో, ఆమె కూడా జోడించింది.

అవతల మోరా రేవులో దిగి, టీ తాగి, అదే లాంచీలో తిరిగొచ్చాం. అక్కడ నీళ్ళు వెనక్కి తీస్తే లాంచీ గట్టుకు రావడం కుదరదు, అందుకని పోటు చూసుకుని తొందరపెట్టారు. సముద్రం రోజుకు రెండుసార్లు ఇట్లా ముందుకొచ్చి వెనక్కి పోతుందని నాకు తెలిసింది ఆ తొందరలోనే.

మధ్యాహ్నం గేట్‌వే. నల్లరాయి చూసి అలవాటైన కళ్ళకు ఆ పసుపుపచ్చ రాయి మెత్తగా కనిపించింది. జార్జి రాజు 1911లో వచ్చినందుకు గుర్తుగా మొదలుపెట్టి 1924లో పూర్తి చేశారని, 1948 ఫిబ్రవరిలో తెల్లదొరల సైన్యంలో చివరి దళం ఇదే ద్వారం గుండా ఓడెక్కి పోయిందని నాయన చెప్పాడు. ఆయనకు నచ్చింది ఆ రెండో సంగతే. "వచ్చిన దావనే పోయినారు" అన్నాడు.

అక్కడ రెండు రకాల లాంచీలు. గైడుతో సహా డీలక్సు, మామూలుది. మామూలు దాంట్లో, కింద, ఇంజను పక్కన, నీళ్ళకు దగ్గరగా కూర్చున్నాం. దానికోసం ఒకదాని పక్కన ఒకటి కట్టేసిన మూడు లాంచీలు దాటాలి. ఒకటి లేస్తుంటే ఇంకోటి దిగుతుంది. పడవ కుర్రవాడు ముంజేయి పట్టుకుని సరిగ్గా రెండూ సమానమైన క్షణంలో లాగేవాడు. పుట్టి నేర్పిన భయం ఆ లాగుడుతో పోయింది.

లాంచీ కదిలాక గంట ప్రయాణం. ముందు నీళ్ళ మధ్యలో చిన్న రాతి కోట, మిడిల్ గ్రౌండ్ అంటారు, నౌకాదళం వాళ్ళది. వెనక్కి చూస్తే డాక్‌యార్డులో బూడిదరంగు యుద్ధనౌకలు. తర్వాత చమురు ఓడలు ఆగే జవహర్ ద్వీప్, అక్కడ మామూలు మనుషులు దిగడానికి లేదు. దూరంగా ట్రాంబే గట్టున అణుకేంద్రం గుమ్మటం. ఎదురుగా నవాశేవా వైపు ఇంకా కొత్త రేవు కడుతూనే ఉన్నారు, అది 1989లో గానీ తెరవలేదు. తెల్ల సముద్రపు పిట్టలు లాంచీ వెంటే వచ్చి, విసిరిన మరమరాలు గాల్లోనే అందుకున్నాయి. మావాళ్ళు బొరుగులంటే ఉగ్గాని చేసుకునేవాళ్ళు. పిట్టలకు విసరడం చూసి నాకు మనసొప్పలేదు.

గుహల గురించి చాలామంది రాశారు, నేను పెద్దగా చెప్పను. దీవి అసలు పేరు ఘారాపురి. రేవు దగ్గర దొరికిన రాతి ఏనుగును చూసి పోర్చుగీసువాళ్ళు ఎలిఫెంటా అన్నారు. ఆ ఏనుగు ఇప్పుడు బైకుల్లా మ్యూజియం బయట ఉంది. మసక వెలుతురులో ఇరవై అడుగుల మూడు మొహాల సదాశివుడి ముందు నాయన నిలబడి "యాగంటిలో కొండలో దేవుడు, ఈడ కొండనే దేవుడు" అన్నాడు. అంతే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

తిరుగు లాంచీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తు. ఎలిఫెంటా తూర్పున ఉంది కాబట్టి వచ్చేటప్పుడు సూర్యుడు ఊరి వెనక దిగుతాడు. ముందు తాజ్ హోటల్ గుమ్మటం నల్లగా తేలుతుంది, తర్వాత గేట్‌వే కమాను. ఆ కమానులోంచి ఎర్ర వెలుతురు ఒక చాపలాగా నీళ్ళ మీద పరుచుకుని మా లాంచీ దాకా వచ్చింది. నలభై ఏళ్ళుగా ఎవరు సముద్రం అన్నా నాకు ముందు వచ్చేది ఆ చాపే.

ఇంటికొచ్చాక నాయన ఆ ఒక్క రోజును ఎన్నిసార్లు చెప్పాడో. ఎండాకాలం రాత్రుల్లో మిద్దె మీద పడుకుని, అమ్మ చెల్లెలిని తట్టి నిద్రపుచ్చుతుంటే, భావుచా ధక్కా దగ్గర మొదలుపెట్టి వరస తప్పకుండా చెప్పేవాడు. ఏ మలుపులో ఏది వస్తుందో, ఏది ఏ పక్క ఉంటుందో. అమ్మ "ఊఁ" కొడుతుండేది. "నిన్ను కూడా పిల్చకపోతా" అనేవాడు చివర్లో. పత్తి సీజను, పిల్లల చదువులు, ఫ్యాక్టరీ మూతపడటం, ఆయన మోకాళ్ళు. 2016లో నాయన పోయాడు.

ఆరునెలల ఆ చెల్లెలే ఇప్పుడు నవీ ముంబైలో కాపురం. 2024 జనవరి చివర్లో అమ్మను తీసుకుని అక్కడికి పోయాను. హార్బర్‌ను చూడ్డానికి ఇప్పుడు దారులు పెరిగాయి. గేట్‌వే నుంచి అరగంట తిప్పి తెచ్చే లాంచీలున్నాయి, కానీ అరగంటలో నీళ్ళు కంటికి అలవాటయ్యేలోపే గట్టు వచ్చేస్తుంది, అది చాలదు. అవతలి గట్టున ఉన్న మాండ్వాకు క్యాటమరాన్ పడవలు పోతాయి, దిగినాక అలీబాగ్ దాకా బస్సు కూడా ఆ టికెట్టులోనే. వానాకాలం అవి ఆగిపోతాయి. భావుచా ధక్కా నుంచి 2020 మార్చిలో రోరో పడవ మొదలైంది, కారుతో సహా ఎక్కి గంటలో మాండ్వాలో దిగొచ్చు. మా బావ అదే పోదామన్నాడు, అమ్మకు మెట్లుండవు, హాయిగా కూర్చోవచ్చు అని. మంచి మాటే. కానీ అమ్మ ఒప్పుకోలేదు. "మీ మామ ఎక్కిందే ఎక్కాల" అంది.

గుహలకు సోమవారం సెలవు, అందుకని మంగళవారం పోయాం. పైఅంతస్తుకు ఇంకో పది రూపాయలిస్తే చాలు, గాలి బాగుంటుంది అన్నాను.

"వద్దు. కింద, ఇంజను పక్కన. మీ నాయన ఆడ కూర్చున్నాడంట గదా."

కూర్చున్నాం. లాంచీ గట్టు వదిలి రెండు నిమిషాలైందో లేదో, అమ్మ నా మోచేయి తట్టింది.

"ఇంగ నీళ్ళల్లో రాతికోట వస్తాది చూడు."

వచ్చింది. తర్వాత యుద్ధనౌకలు, తర్వాత చమురు ఓడలు, దూరంగా గుమ్మటం. ఒక్కటీ వరస తప్పలేదు. ఎప్పుడూ చూడని నీళ్ళలో మా అమ్మ, అప్పుడే మా ఊరి బజారులో నడుస్తున్నట్టు చెప్పుకుపోతోంది. చెల్లెలు ఆశ్చర్యపోయి నా వైపు చూసింది. సముద్రం మీద ఉత్తరాన ఒంపు తిరిగిపోతున్న పొడుగాటి వంతెన కనిపించినప్పుడు మాత్రం అమ్మ ఆగింది.

"ఇదేంది, మీ నాయన చెప్పలేదే?"

అటల్ సేతు. శివ్‌డీ నుంచి అవతలి గట్టు దాకా 21.8 కిలోమీటర్లు. ఆ నెల 12నే తెరిచారని చెప్పాను. చెల్లెలి ఊరికి దాని మీదే పోవచ్చని కూడా. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. నవాశేవా క్రేన్ల కింద రంగురంగుల కంటెయినర్లు చూసి, "బేళ్ళు యాడ?" అని అడిగింది. ఆ పెట్టెల్లోపల ఉంటాయి, బయటికి కనపడవు అన్నాను. నంబర్లు కూడా పెట్టె మీదే వేస్తారు అన్నాను. "అయితే మీ నాయన లాంటోళ్ళు ఉండరా ఇప్పుడు?" అంది. నాకు జవాబు రాలేదు.

దీవి రేవు నుంచి మెట్ల దాకా చిన్న రైలుంది. నూటఇరవై మెట్లు డోలీ వద్దని ఆగి ఆగి ఎక్కింది. పక్కన గాజులమ్మే ఆమెతో సైగలతోనే స్నేహం చేసుకుంది. ఆ ఊరికి కరెంటు 2018లోనే వచ్చిందని, సముద్రం అడుగున తీగ వేసి తెచ్చారని చెల్లెలు చెప్తే, "అంతదాకా దీపాలతోనేనా" అని ఆమె చెయ్యి పట్టుకుంది.

(అదే ఏడాది డిసెంబరు 18న ఇదే దారిలో ఎలిఫెంటా పోతున్న లాంచీని వేగంగా వచ్చిన ఇంకో పడవ గుద్ది, పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. టీవీలో ఆ నీళ్ళు చూసి అమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఇప్పుడు ఎవరు పోతామన్నా ఆమె మొదటి మాట, లైఫ్ జాకెట్ తొడుక్కుని కూర్చోండి అని. నాదీ అదే మాట. ఉక్కపోసినా తొడుక్కోండి.)

తిరుగు లాంచీ ఎక్కేసరికి ఎండ వాలింది. నేను ఆత్రంగా అమ్మతో అన్నాను, ఇప్పుడు చూడమ్మా, సూర్యుడు గేట్‌వే వెనక దిగుతాడు, కమానులోంచి ఎర్రగా వెలుతురు నీళ్ళమీద చాపలాగా వస్తుంది, నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది అని.

అమ్మ నా వైపు తిరిగింది.

"నీ కళ్ళల్లో ఎట్లుంటాదిరా? నువ్వు నిద్రపోయినావు గదా."

"ఎప్పుడు?"

"దీవి దాటకముందే. మీ నాయన ఒళ్ళో తల పెట్టి పడుకున్నావంట. కాలు తిమ్మిరెక్కినా కదిలించలేదంట, యాడ లేస్తావో అని. గేట్‌వే దగ్గర ఎత్తుకుని దిగినాడంట, ఆ మూడు పడవలూ దాటి."

నేనేమీ మాట్లాడలేదు. ఇంజను చప్పుడు బెంచీలోంచి ఒంట్లోకి వస్తోంది. చెల్లెలు మరమరాల పొట్లం అమ్మ చేతికిచ్చింది. అమ్మ వాటిని పిట్టలకు విసరలేదు, ఒళ్ళో పెట్టుకుంది. ముందుకు వంగి, కొంగు చెవుల చుట్టూ బిగించి, పడమటికి వేలు చూపించింది.

"అదో, ముందు హోటలు గుమ్మటం నల్లగా వస్తాది. తరువాత కమాను."

గుమ్మటం వచ్చింది.